సముద్రపు ఒడ్డు నుంచి హెలీస్కీయింగ్‌కి: మొదటిసారి వెళ్లేవారి కోసం

రోడ్డు, రోప్‌వే ఏదీ లేని మంచుకొండ మీదకి హెలికాప్టర్‌లో వెళ్లి, ఎవరూ తొక్కని మెత్తటి మంచులో స్కీల మీద దిగి రావడమే హెలీస్కీయింగ్. దిగువన హెలికాప్టర్ మళ్లీ ఎక్కించుకుని ఇంకో కొండ మీద దించుతుంది. వాతావరణం బాగుంటే రోజుకు ఆరేడు సార్లు దిగొచ్చు. 1965లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, బుగాబూ కొండల్లో హాన్స్ గ్మోజర్ అనే పర్వత గైడు దీన్ని డబ్బు తీసుకుని చేయించడం మొదలుపెట్టాడు. మన దేశంలో మనాలి చుట్టుపక్కల కొండలు, గుల్మార్గ్ ప్రాంతం దీనికి పేరు పడ్డాయి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వెళ్లేవాళ్లకి మంచు కొత్త, చలి కొత్త, ఎత్తు కొత్త. అయినా నేర్చుకోవాల్సిన దాంట్లో చాలా భాగం ఇక్కడే, మన ఇసుకలో, మన కొండ మెట్ల మీద నేర్చుకోవచ్చు. హెలికాప్టర్ తప్పించేది ఎక్కే కష్టం ఒక్కటే. మిగతా పని మీ కాళ్లది, మీరు మంచు కింద కూరుకుపోతే తవ్వి తీయడానికి మీ పక్కవాడి చేతుల్లో ఉన్న పారది.

ముందు స్కీయింగ్ రావాలి

ఇక్కడ "మొదటిసారి" అంటే హెలికాప్టర్‌తో మొదటిసారి అనే అర్థం. స్కీలు ఎప్పుడూ తొడగనివాళ్లని మంచి నిర్వాహకులు ఎక్కించుకోరు. ఎక్కించుకుంటామని ఎవరైనా అంటే వాళ్లతో వెళ్లకండి. కనీసం ఇంత రావాలి: యంత్రంతో చదును చేసిన మధ్యస్థాయి వాలులో, రెండు స్కీలూ సమాంతరంగా ఉంచి, రెండు వైపులా మలుపులు తిరుగుతూ, అర కిలోమీటరు ఆగకుండా దిగగలగాలి. గైడు "ఇక్కడ ఆగు" అన్నచోట ఆగగలగాలి. ఈ రెండోది రానివాళ్లు గుంపు మొత్తానికీ ప్రమాదం.

మన వైపు నుంచి ఏడాదికి ఒక్కసారే మంచులోకి వెళ్లగలిగేవాళ్లు మూడు శీతాకాలాలు లెక్క వేసుకోవాలి. మొదటి ఏడాది సుమారు రెండు వారాల ప్రాథమిక కోర్సు. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ ఉంది. మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ సోలంగ్ లోయలో నేర్పుతుంది. రెండో ఏడాది గుల్మార్గ్ గొండోలా, అంటే కొండ మీదికి తీసుకెళ్లే రోప్‌వే, దాని మొదటి దశ, అంటే సుమారు 3,050 మీటర్ల ఎత్తున్న కొంగ్‌దూరి దాకా వెళ్లి, అక్కడి వాలుల్లో వారం రోజులు. మూడో ఏడాది గైడును పెట్టుకుని రెండో దశ, సుమారు 3,950 మీటర్ల ఎత్తున్న అఫర్వత్ కొండ భుజం మీద నుంచి ఆఫ్-పిస్ట్, అంటే యంత్రంతో చదును చేయని మంచులో దిగడం. హెలికాప్టర్ దించే కొండలు కూడా ఇలాంటివే. అక్కడ ఐదు రోజులు పడిపోకుండా, గైడుని ఆపకుండా దిగగలిగితే హెలికాప్టర్‌కి సిద్ధమైనట్టే. తొందర ఉన్నవాళ్లకి ఈ మూడేళ్ల లెక్క నచ్చదు. కానీ మోకాలి లిగమెంటు తెగితే పోయేది అంతకన్నా ఎక్కువ కాలం.

మెత్తటి మంచులో దిగే పద్ధతి చదును మంచులో కంటే వేరు. చదును మంచులో బరువంతా బయటి స్కీ మీద వేసి మలుపు తిరుగుతాం. లోతు మంచులో అలా వేస్తే ఆ ఒక్క స్కీ మునిగిపోతుంది, రెండోది పైనే ఉండిపోతుంది, కాళ్లు విడిపోయి పడతారు. బరువు రెండు పాదాల మీదా దాదాపు సమానంగా ఉండాలి. రెండు స్కీల మధ్య జానెడు దూరం చాలు. "మంచు మెత్తగా ఉంటే వెనక్కి వాలు" అని చాలామంది చెబుతారు. అది తప్పు. వెనక్కి వాలితే స్కీల ముందు భాగం మీద పట్టు పోతుంది, పది మలుపులకే తొడలు మండిపోతాయి. పాదం మధ్యలో నిలబడండి. కాస్త వేగం ఉంటేనే స్కీలు పైకి తేలతాయి, అందుకే భయపడి మరీ నెమ్మదిగా వెళ్లేవాళ్లే ఎక్కువగా పడతారు. ప్రతి మలుపులో మోకాళ్లు మడిచి, లేచి, మళ్లీ మడుస్తూ ఒకే లయలో సాగాలి. వాలుకి అడ్డంగా ఎక్కువసేపు పోకుండా కిందికే చూస్తూ చిన్న మలుపులు కొట్టాలి.

పడ్డాక లేవడం కూడా ఒక విద్యే. చేతిలోని స్కీ కర్రని నిలువుగా గుచ్చితే పిడి దాకా దిగిపోతుంది, చేతికి ఆనుకోడానికి ఏమీ దొరకదు. రెండు కర్రలూ మంచు మీద అడ్డంగా, ఒకదాని మీద ఒకటి దాటేలా పెట్టి, అవి కలిసినచోట అరచెయ్యి ఆనించి లేవాలి. స్కీ ఊడిపోతే మీరు ఆగినచోట వెతకొద్దు, స్కీ ఊడినచోట, అంటే మీకన్నా పైన వెతకండి. కర్రతో పొడుచుకుంటూ పోతే సన్నటి స్కీకి తగలకుండా జారిపోతుంది. స్కీ పడి ఉండగల దిశకి అడ్డంగా, కర్రతో మంచుని కోసినట్టు లాగాలి.

ఇక్కడే చేయగలిగిన సాధన

కాళ్ల సంగతి మొదట. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూ బరువు మోస్తాయి. మెట్లు ఎక్కడంకన్నా దిగడం దీనికి దగ్గరి కసరత్తు. రామతీర్థం బోడికొండ మెట్లు గానీ, శాలిహుండం కొండ గానీ వారానికి మూడు రోజులు ఎక్కండి. దిగేటప్పుడు ఒక్కో మెట్టుకీ రెండు సెకన్లు తీసుకుని, మోకాలు కాలివేళ్ల దిశలోనే ఉంచి దిగండి. వీపున ఎనిమిది కిలోల సంచి ఉంటే మంచిది, అక్కడ మోసే బరువూ ఇంచుమించు అంతే. గోడకి వీపు ఆనించి కుర్చీ వేసినట్టు రెండు నిమిషాలు కూర్చోగలగాలి. ప్రయాణానికి పది పన్నెండు వారాల ముందు మొదలుపెట్టండి. ఆఖరి రెండు వారాల్లో మొదలుపెడితే నొప్పులే మిగులుతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైంది బీకన్ సాధన. అవలాంచ్ అంటే కొండ వాలు మీది మంచు ఒక్కసారిగా విరిగి కిందికి జారిపడటం. బీకన్, అంటే అవలాంచ్ ట్రాన్సీవర్, ఛాతీకి కట్టుకునే చిన్న రేడియో. అన్ని కంపెనీలవీ 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి, కాబట్టి ఎవరిది ఎవరికైనా అందుతుంది. మంచు కింద పడ్డవాడి బీకన్ సంకేతం పంపుతుంటే, పైన ఉన్నవాళ్లు తమ బీకన్లని వెతికే దశకి మార్చి వాణ్ని కనుక్కుంటారు. పది నిమిషాల్లోపు బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతారు. అరగంట దాటితే ముగ్గురే. ఏ ఆసుపత్రి నుంచో, ఏ సైనిక శిబిరం నుంచో మనుషులు వచ్చేదాకా ఆ సమయం ఆగదు. పక్కనున్న నలుగురే దిక్కు.

రెండు బీకన్లు సంపాదించి కళింగపట్నం, బారువ, చింతపల్లి లాంటి ఏ తీరానికైనా పొద్దున్నే వెళ్లండి. అలల తడి తగలని పొడి ఇసుకలో, నలభై మీటర్ల పొడవూ అంతే వెడల్పూ ఉన్న చోటు గీసుకోండి. స్నేహితుడు ఒక బీకన్‌ని పంపే దశలో పెట్టి, మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూరెడు లోతున పాతి, పైన ఇసుక సర్ది చెరిపెయ్యాలి. తడి ఇసుకలో పాతొద్దు. ఉప్పునీరు విద్యుత్తుని పోనిస్తుంది కాబట్టి సంకేతం నీరసిస్తుంది, మీరు నేర్చుకునేది తప్పుగా నేర్చుకుంటారు. ఫోను ఇంట్లోనో బండిలోనో వదిలెయ్యండి. వెతికేటప్పుడు ఫోను, స్మార్ట్ వాచీ, వేడి బ్యాటరీ చేతితొడుగులు బీకన్‌కి కనీసం అర మీటరు దూరంలో ఉండాలి. మామూలుగా పంపే దశలో ఉన్నప్పుడైనా జానెడు దూరం తప్పదు. లేకపోతే తెర మీద లేని సంకేతాలు కనిపిస్తాయి.

ఇక వెతకడం. సంకేతం అందేదాకా పరుగున అటూ ఇటూ వెడల్పుగా తిరగాలి. అందాక బాణం గుర్తు, దూరం అంకె కనిపిస్తాయి. బాణం మిమ్మల్ని తిన్నగా తీసుకెళ్లదు, వంపుగా తిప్పుతుంది. రేడియో క్షేత్రం గీతలు యాంటెన్నా చుట్టూ వంపు తిరిగి ఉంటాయి, బీకన్ వాటి వెంటే నడిపిస్తుంది. పాడైందేమో అనుకోకుండా బాణాన్నే నమ్మి వెళ్లండి. అంకె పెరుగుతూ పోతుంటే మీరు ఎదురు దిశలో వెళ్తున్నట్టు, వెనక్కి తిరగండి. అంకె పది దగ్గరికి వచ్చేసరికి పరుగు ఆపి నడవాలి. మూడు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని బీకన్‌ని నేలకి ఆనించాలి. ఇక్కడి నుంచి దాన్ని పక్కకి తిప్పకూడదు. ఒకే దిక్కు చూపిస్తూ ముందుకీ వెనక్కీ, ఎడమకీ కుడికీ శిలువ ఆకారంలో నెమ్మదిగా జరపాలి. కొత్తవాళ్లు తొందరపడేది సరిగ్గా ఇక్కడే. పరుగు తీసిన ఊపులోనే బీకన్‌ని గబగబా ఊపేస్తారు, అంకె ఒకసారి 1.2, ఒకసారి 2.4 చూపిస్తుంది, గందరగోళపడతారు. చేతిని ఒక సెకనుకి జానెడు మించి కదపొద్దు. అన్నిటికన్నా తక్కువ అంకె వచ్చినచోట గుర్తు పెట్టండి.

మొదటిసారి పది నిమిషాలు పట్టినా కంగారు లేదు. నాలుగు నిమిషాల్లోపు ప్రతిసారీ దొరికేదాకా చేయండి. తర్వాత సాయంత్రం వెలుగు తగ్గాక, మందపాటి చేతితొడుగులు వేసుకుని చేయండి. మంచులో ఆ బొత్తాలు నొక్కాల్సింది చేతితొడుగులతోనే.

తర్వాత ప్రోబ్. కిందున్న మనిషి ఎక్కడున్నాడో మంచులో గుచ్చి చూసే, మడతపెట్టే సన్నటి గొట్టం, విప్పితే రెండున్నర నుంచి మూడు మీటర్ల పొడవు. దీన్ని ఇసుకలో సాధన చేయలేం, దిగదు. ఊళ్లో రైస్ మిల్లు ఉంటే ఊక రాశి దీనికి మంచి చోటు. యజమాని ఒప్పుకుంటే ఒక గోనెసంచిలో పాత బట్టలు కుక్కి రాశిలో పాతండి. గుర్తు పెట్టినచోట నుంచి మొదలుపెట్టి, చుట్టలా బయటికి తిరుగుతూ పాతిక సెంటీమీటర్లకి ఒక పోటు వేయాలి. వాలుకి నిట్టనిలువుగా, అంటే వాలు ఉపరితలానికి తొంభై డిగ్రీల్లో గుచ్చాలి, ఆకాశానికి నిటారుగా కాదు. సంచికి తగిలితే చేతికి మెత్తగా వెనక్కి నెట్టినట్టు ఉంటుంది. నేల తగిలితే టక్కుమంటుంది. ఆ తేడా చేతికి తెలిసేదాకా చేయండి. తగిలాక ప్రోబ్‌ని బయటికి లాగొద్దు. అదే తవ్వేవాళ్లకి దారి. ముక్కుకి మాస్కు పెట్టుకోండి, ఊక దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఆటకైనా సరే మనిషిని ఇసుకలోనూ ఊకలోనూ పాతొద్దు. అందులో ఊపిరాడక చనిపోతారు.

తవ్వడానికి మాత్రం ఇసుక బాగుంటుంది. అవలాంచ్ ఆగాక మంచు సిమెంటులా బిగుసుకుపోతుంది, అందుకే పార రేకు అల్యూమినియంది కావాలి, ప్లాస్టిక్ది విరుగుతుంది. ప్రోబ్ దగ్గరే నిట్టనిలువుగా గొయ్యి తవ్వకూడదు, అలా తవ్వితే మంచు ఎత్తి పైకి విసరాలి, కిందున్నవాడి మీదే మీరు నిలబడినట్టూ అవుతుంది. ప్రోబ్ ఎంత లోతు దిగిందో చూసుకుని, దానికి ఒకటిన్నర రెట్లు వాలు దిగువకి జరిగి, అక్కడి నుంచి లోపలికి తవ్వుకుంటూ వెళ్లాలి. ముందువాడు ముక్కలు కోస్తాడు, వెనకవాళ్లు మంచుని తెడ్డు వేసినట్టు కిందికి నెడతారు. నిమిషానికొకసారి ముందువాడిని మార్చాలి. ముందు ముఖం, ఛాతీ తేల్చాలి.

వాలు, పొర, బరువు

మంచు పలక ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. అంతకన్నా తక్కువైతే జారడం అరుదు, మరీ ఎక్కువైతే మంచు పెద్దగా పేరుకోకముందే రాలిపోతుంటుంది. స్కీయింగ్‌కి సరదాగా ఉండే వాలు కూడా ఇదే కావడం చిక్కు. 30 డిగ్రీలంటే ఎంతో కంటికి తెలియాలంటే ఇల్లు కడుతున్నచోట పోసిన పొడి ఇసుక కుప్పని చూడండి. ఎండిన ఇసుక తనంతట తాను నిలిచే పక్కవాలు 33, 34 డిగ్రీలు ఉంటుంది. ఫోనులో వాలు కొలిచే యాప్‌ని ఒక చెక్కకి ఆనించి కుప్ప మీద పెట్టి సరిచూసుకోండి. అదే వాలు కిలోమీటరు ఎత్తున తెల్లగా కనిపిస్తే, అది పలక విరిగే వాలని గుర్తుకు రావాలి.

మంచు ఒకేసారి కురవదు, పొరలు పొరలుగా పేరుకుంటుంది. శీతాకాలం మొదట్లో పలచగా కురిసిన మంచు, ఆకాశం నిర్మలంగా ఉన్న చలి రాత్రుల్లో పంచదార పలుకుల్లా విడివిడి గింజలుగా మారుతుంది. దాని మీద గాలి తెచ్చిపోసిన మంచు గట్టి పలకలా పడుతుంది. పంచదార పోసిన బల్ల మీద బండ పెట్టి, బల్లని ఒకవైపు ఎత్తినట్టు. ఆ బండ జారకుండా ఎంతో కాలం ఉండొచ్చు, ఒక మనిషి బరువు పడ్డప్పుడు జారొచ్చు. ప్రాణాలు తీసిన పలకల్లో చాలా మటుకు అందులో చిక్కుకున్నవాళ్లో, వాళ్ల గుంపులోవాళ్లో కదిలించినవే. 2010 ఫిబ్రవరిలో గుల్మార్గ్ పైన ఖిలన్‌మార్గ్‌లో శిక్షణలో ఉన్న 17 మంది సైనికులు అవలాంచ్‌లో చనిపోయారు. 2023 ఫిబ్రవరిలో అఫర్వత్ వైపు ఇద్దరు పోలండ్ స్కీయర్లు పోయారు. కొండ తెలిసిన చోట్లలోనే ఇవి జరిగాయి.

ఎదురుగా కనిపించే హెచ్చరికలు కొన్ని ఉన్నాయి. ఒక్క రోజులో మోకాలు లోతు కొత్త మంచు, బలమైన గాలి, ఉన్నట్టుండి ఎండ వేడెక్కడం, పక్క వాలులో తాజాగా విరిగిన గుర్తు, స్కీ కింద నుంచి పాకే పగులు, అడుగు వేస్తే కింద ఎక్కడో గాలి కుంగినట్టు "వూఁ" మనే చప్పుడు. ఆఖరి రెండిట్లో ఏది గమనించినా గైడుకి వెంటనే చెప్పండి. మీకు కనిపించింది ఆయనకి కనిపించి ఉండకపోవచ్చు.

ప్రమాదాన్ని ఒకటి నుంచి ఐదు దాకా అంకెల్లో చెబుతారు. మన దేశంలో రక్షణ పరిశోధన సంస్థకి చెందిన డీజీఆర్‌ఈ అవలాంచ్ హెచ్చరికలు ఇస్తుంది. కళింగపట్నం రేవులో మూడో నంబరు తుఫాను హెచ్చరిక ఎగరేశారంటే వలవాళ్లు తెప్పలు ఒడ్డుకి లాగేస్తారు. మంచులోని మూడో స్థాయినీ అంతే గట్టిగా పట్టించుకోవాలి. ఐదులో మూడు కదా, మధ్యస్థం అనుకుని వెళ్లిన రోజుల్లోనే చావులు ఎక్కువ. నాలుగు, ఐదు వచ్చిన రోజున ఎలాగూ జనం ఇంట్లో ఉంటారు.

సామాను

స్కీలు అక్కడే అద్దెకి తీసుకోండి. పాదం కింద వెడల్పు 100 నుంచి 115 మిల్లీమీటర్లు ఉన్నవి అడగండి. చదును మంచుకి వాడే 75 మిల్లీమీటర్ల స్కీలు లోతు మంచులో కత్తిలా దిగిపోతాయి. బూట్లు మాత్రం సొంతవి కొనుక్కోగలిగితే కొనుక్కోండి, అద్దె బూటు కరిచిన కాలుతో నాలుగు రోజులు దిగలేరు. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగు బిగింపుని మీ బరువు, ఎత్తు, బూటు అడుగు పొడవు చెప్పి దుకాణంలోనే సరి చేయించుకోవాలి. కర్రలకి పెద్ద చక్రాలు ఉండాలి, మణికట్టు పట్టీలు తీసెయ్యాలి. అవలాంచ్‌లో పట్టీకి కట్టిన కర్ర చేతిని కిందికి లాగుతుంది.

బట్టల్లో నూలు వద్దు. ఇది మన వాళ్లకి జీర్ణించుకోవడం కష్టం, ఎందుకంటే ఉక్కపోతలో పుట్టి పెరిగిన ఒంటికి నూలే సుఖం. కానీ నూలు చెమటని పట్టి ఉంచుతుంది, పైన ఆగగానే ఆ తడి ఒంటి మీద మంచుగడ్డ అవుతుంది. లోపలి బనియను, డ్రాయరు కూడా ఉన్నివో పాలిస్టర్‌వో కావాలి. రెండు జతల చేతితొడుగులు. కళ్లద్దాలకి రెండు రకాల గాజులు, మబ్బు పట్టిన రోజుకి పసుపుపచ్చదో గులాబీదో. తాజా మంచు సూర్యుడి అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది, కాబట్టి ముక్కు కింద, గడ్డం కింద కూడా సన్‌స్క్రీన్ రాయండి.

జేబులో తినడానికి పలాస జీడిపప్పు బాగా పనికొస్తుంది, ఎంత చలికీ కొరకగలిగేలానే ఉంటుంది. పల్లీ చిక్కీ మాత్రం రాయిలా బిగుస్తుంది, పన్ను విరుగుతుంది. ఖర్జూరం ముక్కలు చేసి లోపలి జేబులో పెట్టుకోండి.

బీకన్‌లో కొత్త ఆల్కలైన్ బ్యాటరీలు వేయండి, రీఛార్జి చేసేవి వద్దు. వాటి వోల్టేజి పడిపోయే తీరు వేరు కాబట్టి తెర మీద చూపే శాతం తప్పుతుంది. ఎయిర్‌బ్యాగ్ సంచి, అంటే పిడి లాగితే ఉబ్బి అవలాంచ్‌లో మనిషిని పైకి తేల్చే సంచి, తీసుకెళ్తే దాని గ్యాస్ సిలిండర్ గురించి విమాన సంస్థకి ముందే రాసి అనుమతి కాగితం చేతిలో ఉంచుకోండి.

హెలికాప్టర్ దగ్గర

హెలికాప్టర్ రెక్కలు ఆపరు. తిరుగుతుండగానే ఎక్కిస్తారు, దించుతారు. కాబట్టి అక్కడ ప్రతి కదలికా ముందే తెలిసి ఉండాలి.

హెలికాప్టర్ వాలే చోటున గుంపంతా ఒకే ముద్దగా మోకాళ్ల మీద కూర్చుంటుంది. స్కీలు, కర్రలు కట్టగా కట్టి మీ ముందు నేల మీద పడుకోబెట్టాలి, గాలికి లేచే టోపీ, మఫ్లరు అన్నీ సంచిలోకి పోవాలి. సంచి పట్టీలు వేలాడకూడదు. కళ్లద్దాలు కళ్ల మీదే ఉండాలి. హెలికాప్టర్ వాలేటప్పుడు లేచే మంచుపొడి తుఫానులా మీదికి వస్తుంది, పది సెకన్లు ఏమీ కనిపించదు. అప్పుడు లేవొద్దు, పక్కకి జరగొద్దు. మీరు కూర్చున్న ముద్దే పైలట్‌కి దూరం తెలిపే గుర్తు. తెల్లటి మంచు మీద ఆయనకి కూడా వేరే ఆనవాలు ఉండదు. యంత్రం మీకు రెండు మూడు మీటర్ల దూరంలో ఆగుతుంది. భయపడి వెనక్కి పరుగెత్తినవాడే దెబ్బ తింటాడు.

గైడు సైగ చేశాకే, వంగి, పైలట్ కంట్లో పడేలా ముందు వైపు నుంచో పక్క నుంచో వెళ్లాలి. తోక వైపుకి ఏ కారణంతోనూ వెళ్లకూడదు. తోక రెక్క అంత వేగంగా తిరుగుతుంటే కంటికి కనిపించదు. పై రెక్కతో ఇంకో ప్రమాదం ఉంది. వాలు మీద ఆగినప్పుడు ఎగువ వైపు నేలకీ రెక్కకీ మధ్య జాగా తక్కువ. అటు నుంచి ఎక్కినా, అటు దిగినా తల తగులుతుంది. ఎప్పుడూ దిగువ వైపే. స్కీలని భుజాన వేసుకోవద్దు, నడుము దగ్గర అడ్డంగా పట్టుకోండి. బయటి బుట్టలో వాటిని పెట్టేది, తీసేది గైడే. ఏదైనా ఎగిరిపోతే పోనివ్వండి, దాని వెనక పరుగెత్తొద్దు.

ఎక్కగానే బెల్టు పెట్టుకోండి, తలుపు జోలికి పోకండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్నవాళ్లు ఎక్కేముందు లాగుడు పిడిని లోపలికి మడిచి మూసెయ్యాలి. ఆ బ్యాగు లోపల ఉబ్బితే పైలట్ చేతులకి అడ్డం వస్తుంది. పైన దిగాక మళ్లీ పిడి బయటికి తీయడం మర్చిపోవద్దు. దీన్ని గుర్తు చేసుకోడానికి పక్కవాడితో ఒకరిదొకరు చూసుకోండి.

దిగాక మళ్లీ అదే ముద్ద, మోకాళ్ల మీద, సామాను ఒడిలో. హెలికాప్టర్ పూర్తిగా వెళ్లిపోయేదాకా లేవొద్దు.

బరువు అడిగితే నిజం చెప్పండి, బూట్లు, సంచితో కలిపి. 4,000 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్ర మట్టంలో ఉండేదానిలో 60 శాతం పైచిలుకే. పలచటి గాలిలో రెక్కకి ఎత్తే బలం తగ్గుతుంది, ఇంజను శక్తీ తగ్గుతుంది. ఇలాంటి కొండల్లో ఎక్కువగా వాడే చిన్న హెలికాప్టర్‌లో అందుకే నలుగురు స్కీయర్లు, ఒక గైడు వెళ్తారు. మొహమాటానికి ఒక్కొక్కరూ ఐదు కిలోలు తగ్గించి చెబితే పైలట్ లెక్క పాతిక కిలోలు తప్పుతుంది.

దిగేటప్పుడు పాటించేవి

గైడు ముందు దిగుతాడు. "నా గీతకి ఎడమ పక్కన" అంటే ఎడమ పక్కనే, ఐదు మీటర్లు కుడికి వెళ్లినా అక్కడ ఆయన చూసి వద్దనుకున్నదేదో ఉండొచ్చు. ప్రమాదమున్న వాలులో ఒక్కొక్కరే దిగాలి, మిగతావాళ్లు కళ్లు తిప్పకుండా చూస్తుండాలి. ఎవరైనా కొట్టుకుపోతే ఆఖరిసారి కనిపించినచోటు గుర్తుండాలి, వెతుకులాట అక్కడి నుంచే మొదలవుతుంది. ఆగేటప్పుడు గైడు ఆగినచోటికి పక్కనో పైనో ఆగండి, కిందికి దాటిపోవద్దు. రోజు మొదట్లో గైడు అందరి బీకన్లూ పరీక్షిస్తాడు, చేయకపోతే అడిగి చేయించుకోండి.

చెట్ల మధ్య ఇంకో రకం గొయ్యి ఉంటుంది. దేవదారు, ఫర్ లాంటి చెట్ల కొమ్మల కింద మంచు సరిగ్గా పడక మొదలు చుట్టూ లోతుగా, వదులుగా ఉండిపోతుంది. అందులో తలకిందులుగా పడితే సొంతంగా బయటికి రావడం దాదాపు అసాధ్యం, కదిలేకొద్దీ మంచు మీద పడుతుంది. చెట్లలో జతగా దిగండి, పక్కవాడి గొంతు వినిపించేంత దూరంలో. పడుతున్నానని తెలిస్తే కొమ్మనో మొదలునో పట్టుకుని తల పైకి ఉంచాలి. ఈల మెడకే ఉండాలి.

అవలాంచ్ మీద పడితే అరవండి, ఎయిర్‌బ్యాగ్ పిడి లాగండి, పక్కకి తప్పుకునే ప్రయత్నం చేయండి. కర్రలు వదిలెయ్యండి. వేగం తగ్గుతోందనగానే చెయ్యి ముఖం ముందు పెట్టి గాలికి జాగా చేసుకోండి. మంచు ఆగాక వేలు కూడా కదలదు.

పైన మిగిలినవాళ్లు ముందు చేయాల్సిన పని, అందరి బీకన్లనీ వెతికే దశకి మార్చడం. ఒక్కడు మర్చిపోయి పంపే దశలోనే ఉంటే మిగతావాళ్లు వాడి వెంటే తిరుగుతారు, కిందున్నవాడి నిమిషాలు అయిపోతాయి.

మాట్లాడుకునేటప్పుడు అడగాల్సినవి

గైడుకి అంతర్జాతీయ పర్వత గైడుల సమాఖ్య గుర్తింపు ఉందా, ఒక గైడుకి ఎంతమంది, పౌర విమానయాన అనుమతి ఎవరి పేరున ఉంది, గుంపు వెనక రెండో గైడు ఉంటాడా, గాయపడితే అదే హెలికాప్టర్ తీసుకెళ్తుందా, వాతావరణం బాగోక ఎగరని రోజు డబ్బు వెనక్కి ఇస్తారా. ఈ ఆఖరి ప్రశ్నకి జవాబు కాగితం మీదే కావాలి. వారంలో రెండు మూడు రోజులు ఎగరకపోవడం మామూలే. మబ్బు కమ్మితే పైలట్‌కి నేలా ఆకాశమూ ఒకటే తెలుపు. ఆ రోజున ఎగరమని ఒత్తిడి చేయొద్దు. బీమా పత్రంలో ఆఫ్-పిస్ట్, హెలికాప్టర్ రక్షణ, ఎత్తు పరిమితి మూడూ చూడండి. మామూలు ప్రయాణ బీమా ఎక్కువగా వీటిని వదిలేస్తుంది.

విశాఖ నుంచి ఢిల్లీ మీదుగా శ్రీనగర్ విమానం తేలిక. రైల్లో వెళ్లేవాళ్లకి విజయనగరం మీదుగా సమతా ఎక్స్‌ప్రెస్ ఢిల్లీ నిజాముద్దీన్ చేరుస్తుంది. శ్రీనగర్ నుంచి గుల్మార్గ్ సుమారు 50 కిలోమీటర్లు, తంగ్‌మార్గ్ దాటాక మంచు పడితే చక్రాలకి గొలుసులు కట్టాల్సిందే. మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. అమెరికాలో ఉన్న బంధువులు పంపిన శాటిలైట్ ఫోను గానీ, శాటిలైట్‌తో సందేశం పంపే పరికరం గానీ తీసుకెళ్లొద్దు, లైసెన్సు లేకుండా వాటిని వాడటం మన దేశంలో నేరం. గుల్మార్గ్ నియంత్రణ రేఖకి దగ్గర, కాబట్టి డ్రోను ఇంట్లోనే ఉండనివ్వండి.

సముద్రమట్టం నుంచి వెళ్లిన మనం 2,650 మీటర్ల గుల్మార్గ్‌లో కనీసం రెండు రాత్రులు ఊరికే ఉండాలి. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం ఉంటే పైకి వెళ్లడం వాయిదా. దాహం వేయకపోయినా మూడు లీటర్ల నీళ్లు తాగాలి. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలనుకుంటే ముందే డాక్టర్ని అడగండి, సల్ఫా మందులు పడనివాళ్లు తప్పకుండా చెప్పాలి.

తిరిగొచ్చాక

మన ఉప్పుగాలి స్కీ అంచుల ఉక్కుని నెల రోజుల్లో తుప్పు పట్టిస్తుంది. సొంత స్కీలైతే ఇంటికి చేరిన రోజే పొడిగుడ్డతో తుడిచి, అడుగు భాగం, అంచులు కప్పేలా మందంగా మైనం పూసి, అలాగే గీకకుండా వచ్చే శీతాకాలం దాకా ఉంచండి. బూట్ల లోపలి పొరలు బయటికి లాగి నీడలో, ఫ్యాను కింద రెండు రోజులు ఆరబెట్టాలి, లేకపోతే జూన్ కల్లా బూజు పడుతుంది. ప్రోబ్, పార కీళ్లలో తడి తుడవాలి. బీకన్‌లో బ్యాటరీలు తీసెయ్యండి. మన తేమలో అవి కారి లోపలి రాగి పలకలని తినేస్తాయి. పైకి బాగానే కనిపించే అలాంటి బీకన్ కొండ మీద సంకేతం పంపకపోవచ్చు.